ఏ వచనంలో ఉందమ్మా? బైబిల్ స్త్రీల మీద వచ్చిన నవలలు ఎలా చదవాలి

సండే స్కూల్లో పిల్లలకు యాకోబు కథ చెబుతూ, లేయాకు ఒక కన్ను నీలం, ఒక కన్ను ఆకుపచ్చ అని చెప్పాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక పెద్దావిడ క్లాసు అయ్యాక దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు, "అది ఏ వచనంలో ఉందమ్మా?" అని. ఇంటికి వచ్చి ఆదికాండము 29వ అధ్యాయం తీశాను. 17వ వచనంలో "లేయా జబ్బు కండ్లు గలది" అని ఉంది. అంతే. నీలం, ఆకుపచ్చ ఆ నెలలో నేను చదివిన నవలలోవి. అనిటా డయమంట్ అనే అమెరికన్ యూదు రచయిత్రి 1997లో తెచ్చిన 'ద రెడ్ టెంట్' అది. నవలలోని మాట నా నోట వాక్యంగా ఎప్పుడు మారిపోయిందో నాకే తెలియలేదు.

ఆ రోజు చాలా బాధపడ్డాను. కానీ ఆ నవలలు చదవడం మానలేదు, చదివే పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణగా ఆ నవలనే, అందులో కథ చెప్పే దీనానే, అంటే యాకోబు, లేయాల కూతురినే తీసుకుంటాను. మీ చేతిలో ఉన్నది రూతు మీద రాసినదైనా, ఎస్తేరు మీద రాసినదైనా, మగ్దలేనే మరియ మీద రాసినదైనా ఇదే దారిలో వెళ్లొచ్చు.

ముందు ఆమె మాటలు లెక్కపెట్టండి

నవల కొన్నారు, ఎప్పుడెప్పుడు మొదలుపెడదామా అని ఉంది. ఒక్క సాయంత్రం ఆగండి. ముందు ఆ స్త్రీ గురించి బైబిల్లో ఉన్నదంతా చదవండి. మీ ఫోన్‌లో తెలుగు బైబిల్ యాప్ ఉంటే పేరు కొట్టి వెతకండి, అన్ని చోట్లా కనబడుతుంది. దీనా విషయంలో ఇది పెద్ద పనేమీ కాదు. ఆదికాండము 30:21లో ఆమె పుట్టుక ఒక్క వచనం. 34వ అధ్యాయం మొత్తం 31 వచనాలు. 46:15లో, ఐగుప్తుకు వెళ్లిన యాకోబు ఇంటివారి లెక్కలో, మళ్లీ ఒకసారి పేరు వస్తుంది. 49వ అధ్యాయంలో 5 నుంచి 7 దాకా కూడా చదవండి. అక్కడ ఆమె పేరు ఉండదు గానీ, చనిపోయే ముందు యాకోబు దీనా అన్నలైన షిమ్యోను, లేవీల కోపాన్ని శపించడం ఉంటుంది. ఆ కోపం 34వ అధ్యాయంలోదే.

చదివాక ఒక కాగితం మీద ఆమె పలికిన మాటలు రాయండి. దీనా విషయంలో ఆ కాగితం ఖాళీగానే ఉంటుంది.

ఆ ఖాళీ కాగితం వైపు కాసేపు చూడండి. 34వ అధ్యాయంలో అందరూ మాట్లాడతారు. దీనాను పట్టుకుని అవమానపరచిన ఆ ఊరి రాజకుమారుడు షెకెము, తన తండ్రి హమోరుతో ఆ చిన్నదాన్ని నాకు పెళ్లి చేయమంటాడు. హమోరు వచ్చి యాకోబు ఇంటివారితో మాట్లాడతాడు. ఓలి, అంటే పిల్ల కోసం ఇచ్చే సొమ్ము, ఎంతైనా ఇస్తానని షెకెము అంటాడు. మీ మగవాళ్లంతా సున్నతి చేయించుకుంటేనే పిల్లనిస్తామని అన్నదమ్ములు కపటంగా జవాబు చెబుతారు. తండ్రీకొడుకులు ఊరి గవిని (ద్వారం) దగ్గర ఊరి మగవాళ్లను దానికి ఒప్పిస్తారు. సున్నతి అయిన మూడో రోజున, వాళ్లు నొప్పితో ఉండగా, షిమ్యోను, లేవి కత్తులు తీసుకుని ఊళ్లోని మగవాళ్లందరినీ చంపేస్తారు. యాకోబు కొడుకులను మందలిస్తాడు. కొడుకులు ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నతోనే అధ్యాయం అయిపోతుంది. ఇంత జరిగింది ఎవరి గురించో ఆ అమ్మాయిని ఒక్కరూ ఏమీ అడగరు.

మిగతా స్త్రీలకూ ఇలాగే లెక్క వేసి చూడండి. 2 సమూయేలు 11లో బత్షెబ దావీదు రాజుకు పంపిన కబురు ఒక్కటే, తాను గర్భవతినని. కానీ 1 రాజులు 1వ అధ్యాయానికి వచ్చేసరికి ఆమే రాజు ముందు నిలబడి కొడుకు కోసం చక్కగా వాదిస్తుంది. ఈ రెండు అధ్యాయాల మధ్య ఆమెకు ఏం జరిగింది? శారా దాసి హాగరు తనతో మాట్లాడిన దేవునికి తానే పేరు పెడుతుంది, ఆదికాండము 16:13. లోతు భార్యకు పేరూ లేదు, మాటా లేదు. నవలాకారులు పలుగు వేసేది ఈ మౌనాల్లోనే. ఆ మౌనం ఎంత లోతో ముందు మీరు చూసుకుంటే, వాళ్లు తవ్వి తీసిందేమిటో మీకే అర్థమవుతుంది.

ఒక నోటుపుస్తకం, మూడు గుర్తులు

మామూలు స్కూలు నోటుపుస్తకం చాలు. నవల చదువుతుంటే కొత్త వివరం తగిలినప్పుడల్లా ఒక లైను రాసి, పక్కన ఒక గుర్తు పెట్టండి. వాక్యంలో ఉంటే 'వా'. పాత సంప్రదాయంలో, వ్యాఖ్యానాల్లో ఉంటే 'సం'. రచయిత సొంతంగా అల్లింది అయితే 'క', అంటే కల్పన. మొదటి యాభై పేజీలకు ఇది విసుగ్గానే ఉంటుంది. తర్వాత చేతికి అలవాటైపోతుంది.

లేయా కళ్ల రంగులు 'క'. అయితే అక్కడ ఒక తమాషా ఉంది. తెలుగులో 'జబ్బు కండ్లు' అని ఉన్నచోట హీబ్రూ మాటకు మెత్తనివి, సున్నితమైనవి అనే అర్థం కూడా ఉంది. కాబట్టి ఆ కళ్లు నిజంగా జబ్బువేనా అని నవలాకారిణికి అనుమానం రావడం అసలు మాటలోనే ఉంది. కల్పన కూడా చాలాసార్లు ఒక పదం చీలికలోంచే మొలుస్తుంది. అలాంటివి దొరికినప్పుడు నోటుపుస్తకంలో రెండు లైన్లు ఎక్కువ రాయండి.

జిల్పా, బిల్హా విషయంలో నేను తప్పు గుర్తు పెట్టాను. ఆదికాండములో వాళ్లు లాబాను తన కూతుళ్లు లేయా, రాహేలులకు ఇచ్చిన దాసీలు. నవలలో వాళ్లు కూడా లాబాను కూతుళ్లే, వేరే తల్లులకు పుట్టినవాళ్లు. వెంటనే 'క' అని రాసేశాను. తర్వాత తెలిసింది, వెయ్యేళ్లకు పైగా పాతవైన యూదుల వ్యాఖ్యానాల్లో ఆ మాట ముందే ఉందని. కొట్టేసి 'సం' అని దిద్దుకున్నాను. ఈ వ్యాఖ్యాన సంప్రదాయాన్ని యూదులు మిద్రాష్ అంటారు. లేఖనంలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఒక కథ, ఒక ప్రశ్న, ఒక వాదన నింపుతూ వెళ్తుంది. దీనా యోబును పెళ్లాడిందని ఒక కథ. ఐగుప్తులో యోసేపు పెళ్లాడిన ఆసెనతు దీనా కూతురేనని ఇంకో కథ. అసలు ఆ పిల్ల ఇల్లు దాటి బయటికి వెళ్లడమే తప్పని దీనా మీదే నింద వేసిన వ్యాఖ్యానాలూ ఉన్నాయి. ఆ గొంతు మనకు కొత్త కాదు. ఏ ఆడపిల్లకు అన్యాయం జరిగినా "ఆ టైంలో బయటికెందుకు వెళ్లింది" అని మొదటి ప్రశ్న వేసే గొంతే అది.

మన ఇళ్లలోనూ ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. వాల్మీకి ఊర్మిళ గురించి ఎంతో చెప్పలేదు. లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఆమె నిద్రపోయిందని మన ఆడవాళ్లు పాట కట్టుకుని తరాలుగా పాడుకున్నారు. అది విన్నవాళ్లెవరూ వాల్మీకిని మరిచిపోలేదు. పాట పాటే, కావ్యం కావ్యమే. ఆ తేడా తెలిసిన చెవి మనకు ముందే ఉంది, దాన్ని బైబిల్ నవలలకూ వాడితే సరిపోతుంది.

'సం' అనే గుర్తు ఇంకో మంచి పని చేస్తుంది. నవల తెరవకముందే మన తలలో ఉన్న కల్పనను బయటపెడుతుంది. మగ్దలేనే మరియ అనగానే చాలామందికి వేశ్య అనే మాట గుర్తొస్తుంది. లూకా 8:2 తీసి చూడండి. ఏడు దయ్యాలు వదిలిపోయిన స్త్రీ అని ఉంది, వేశ్య అని లేదు. లూకా 7లో యేసు పాదాలు కన్నీళ్లతో తడిపిన స్త్రీకి పేరే లేదు. ఆ ఇద్దరినీ, బేతనియ మరియనూ కలిపి ఒక్కరే అన్నది పోప్ గ్రెగరీ, 591లో చేసిన ప్రసంగంలో. అది పశ్చిమ దేశాల చర్చిల్లో స్థిరపడిపోయింది. 2016లో కతోలిక సంఘం ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచింది. పునరుత్థానుడైన ప్రభువును మొదట చూసి ఆ వార్త శిష్యులకు చెప్పిన మనిషికి, పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత దక్కిన న్యాయం అది. కాబట్టి నవల మీద మాత్రమే అనుమానం పెట్టుకుంటే సరిపోదు. ఎప్పుడో ఎవరో చెప్పగా విని, చదివినట్టు అనుకుంటున్న మన జ్ఞాపకాన్ని కూడా వచనం అడగాలి.

పేర్ల చీటీ

ఇంగ్లీషులో చదివేవాళ్లకు ఒక చిన్న సాయం. నోటుపుస్తకం అట్ట లోపల పేర్లు రాసి పెట్టుకోండి. జేకబ్ యాకోబు, రేచల్ రాహేలు, లీయా లేయా, రెబెకా రిబ్కా, ఈసా ఏశావు. నవలలో రాజకుమారుడి పేరు షాలెం అని వస్తుంది, బైబిల్లో అతనే షెకెము, ఊరి పేరు కూడా షెకెమే. చిన్నప్పటి నుంచి తెలుగులో విన్న పేరుతో కలపకపోతే ఆ మనుషులు ఎవరో పరాయివాళ్లలా ఉండిపోతారు.

గుడారంలోకి వెళ్లేటప్పుడు

నవల మూడు భాగాలు. మొదటిది తల్లుల కథ, రెండోది దీనా కథ, మూడోది ఐగుప్తు. మొదటి రెండు భాగాల్లో ఎర్ర గుడారమే గుండెకాయ. నెలసరిలో, కాన్పుల్లో ఆడవాళ్లు కలిసి ఉండే చోటు అది. ఆ గుడారం బైబిల్లో ఏ వచనంలోనూ లేదు. నోటుపుస్తకంలో 'క' అని పెద్దగా రాయండి.

కానీ తెలుగు బైబిల్ పక్కన పెట్టుకుని చదివితే ఇక్కడ మనకు దొరికేది ఇంకెవరికీ దొరకదు. ఆదికాండము 31:35 చూడండి. రాహేలు తండ్రి విగ్రహాలు దొంగిలించి ఒంటె సామగ్రిలో దాచి, వాటి మీద కూర్చుంది. తండ్రి వెతుక్కుంటూ వస్తే లేవలేనని చెబుతుంది, "నేను కడగానున్నాను" అని. కడగా ఉండటం, అంటే విడిగా, ఒక పక్కకు ఉండటం. లేవీయకాండము 15:19లో ఏడు దినములు కడగా ఉండవలెనన్నది కూడా ఆ మాటే. మన పెద్దవాళ్లు 'బయట ఉన్నాను', 'దూరంగా ఉన్నాను' అనేవాళ్లు కదా, అదే. ఆ తెలుగు అనువాదకులు నవల రాయలేదు గానీ, ఒక్క మాటతో గుడారం గుమ్మం దాకా తీసుకొచ్చి నిలబెట్టారు.

అందుకే ఈ భాగాన్ని మనం నెమ్మదిగా చదవాలి. నవలలో ఆ మూడు రోజులు విశ్రాంతి, కబుర్లు, తీపి తినుబండారాలు, తల్లి నుంచి కూతురికి అందే కథలు. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. అదే సమయంలో మా వీధిలో చిన్నప్పుడు చూసిన వసారా కూడా గుర్తొచ్చింది. వేరే చాప, వేరే గ్లాసు, ముట్టుకోవద్దని అరుపులు. మీకూ అలాంటి జ్ఞాపకం ఉంటే దాన్ని ఆ పేజీ పక్కనే రాసుకోండి. మీ అమ్మనో అమ్మమ్మనో అడిగి రాసుకుంటే ఇంకా మంచిది. గుడారాన్ని రచయిత్రి మరీ తియ్యగా చేసిందని నా అభిప్రాయం. విడిగా ఉంచడంలో ఉన్న అవమానం ఆమె పేజీల్లోకి పెద్దగా రాలేదు. అది గమనించగలిగే చోటు మనది.

అన్నిటికంటే పెద్ద మార్పు దగ్గర పుస్తకం మూయండి

ప్రతి నవలలోనూ ఒక పెద్ద మలుపు ఉంటుంది. లేఖనం ఒకటి చెబుతుంది, నవల దాన్ని తిప్పేస్తుంది. 'ద రెడ్ టెంట్'లో అది దీనా, షెకెముల సంగతి. నవలలో వాళ్లిద్దరూ ఒకరినొకరు ఇష్టపడతారు. బలవంతం లేదు. అన్నలు చంపేది చెల్లెలి భర్తను.

ఆ చోట పుస్తకం మూసి 34:2, 3 వచనాలు పైకి చదవండి. ఆమెను చూచి, పట్టుకొని, శయనించి, "అవమానపరచెను" అని 2వ వచనం. ఆ చిన్నదాని ప్రేమించాడని, ప్రీతిగా మాటలాడాడని 3వ వచనం. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. హీబ్రూలో అక్కడున్న 'ఇన్నా' అనే క్రియకు సరైన అర్థం ఏమిటన్న దాని మీద పండితుల్లో వాదన ఉంది. బలాత్కారమే అని చాలామంది, ఆమెను, ఆమె ఇంటిని తలవంచుకునేలా చేయడం అని కొందరు. రచయిత్రి 3వ వచనాన్ని పట్టుకుని 2వ వచనాన్ని వదిలేసింది.

ఇప్పుడు నోటుపుస్తకంలో రెండు ప్రశ్నలు రాయండి. ఈ మార్పు ఆ స్త్రీకి ఏం ఇచ్చింది? ఆమె దగ్గర నుంచి ఏం తీసుకుంది? తొందరపడకండి. ఒక రోజు పట్టినా పరవాలేదు.

నా జవాబు చెబుతాను, మీది వేరుగా ఉండొచ్చు. ఇచ్చింది ఇష్టం. నవలలో దీనాకు ఒక కోరిక ఉంది, ఎంపిక ఉంది, అన్నల ముఖం మీద పలికిన శాపం ఉంది. పరువు కోసం చంపడం అంటే ఏమిటో, ఆ పరువు ఎవరి పేరు మీద నడుస్తుందో, వాళ్లకే అది ఎంత నరకమో ఈ నవల చూపించినట్టు నేను ఇంకెక్కడా చదవలేదు. మన దగ్గర కులం తక్కువవాడిని చేసుకుందని అల్లుణ్ణి చంపించిన వార్త చదివినప్పుడల్లా నాకు 34వ అధ్యాయమే గుర్తొస్తుంది. తీసుకున్నది కూడా చిన్నది కాదు. బలవంతం జరిగిన అమ్మాయికి బైబిల్లో ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయాన్ని ప్రేమకథ చేస్తే ఆ అమ్మాయి మళ్లీ కనబడకుండా పోతుంది. హమోరు వచ్చి పెళ్లి మాట్లాడటం చూడండి. పాడుచేసినవాడికే ఇచ్చి పెళ్లి చేసేస్తే గొడవ పోతుందనే పంచాయితీ మన ఊళ్లలోనూ జరుగుతుంది. అది ప్రేమ అని సర్దిచెప్పేవాళ్లు అక్కడా ఉంటారు. అందుకే ఈ మార్పుతో నాకు ఇప్పటికీ మనసు కుదరలేదు. అయినా నవలను పక్కన పడేయలేదు. దానితో పోట్లాడటం వల్లే ఆ రెండు వచనాలను నేను మొదటిసారి సరిగ్గా చదివాను.

ఇంకొకటి కూడా చూసుకోండి, నవలలో మగవాళ్లు ఎలా ఉన్నారో. చాలాసార్లు స్త్రీలకు ప్రాణం పోసే తొందరలో మగవాళ్లు అట్టముక్కలైపోతారు. ఈ నవలలో యాకోబు చివరికి అలాగే అయ్యాడనిపించింది. ఆదికాండములో సంగతి విని కొడుకులు పొలం నుంచి వచ్చేదాకా ఊరకున్న తండ్రి అతను (34:5), మరణపడక మీద వాళ్ల కోపాన్ని శపించిన తండ్రీ అతనే. ఆ మధ్యలో అతని లోపల ఏముందో తెలుసుకోవాలంటే నవలలో తక్కువ, ఆ రెండు చోట్లా ఎక్కువ.

మూడో భాగం, ఐగుప్తు, దాదాపు అంతా కల్పనే. ఇక్కడ నోటుపుస్తకం మూసేసి నవలగా హాయిగా చదువుకోండి. దీనా మంత్రసానిగా బతకడం మాత్రం గుర్తుంచుకోండి. మంత్రసానులు బైబిల్లో నిజంగా ఉన్నారు, మాట్లాడతారు కూడా. ఆదికాండము 35:17లో చనిపోతున్న రాహేలుకు భయపడకుమని చెప్పింది పేరులేని ఒక మంత్రసాని. నిర్గమకాండము 1వ అధ్యాయంలో ఫరో మాట వినకుండా మగబిడ్డలను బతకనిచ్చిన షిఫ్రా, పూయాలకు పేర్లున్నాయి. ఫరోకే పేరు లేదు.

ఇంట్లో, చర్చిలో మాట వచ్చినప్పుడు

ఎవరో ఒకరు అడుగుతారు. ప్రకటన గ్రంథం 22:18 చూపించి, వాక్యానికి కలపకూడదు కదా అంటారు. వాళ్ల భయం నిజమైనదే, కోపం తెచ్చుకోవద్దు. "అయ్యగారూ, ఇది వాక్యం కాదు, నవల. ఏది వాక్యమో ఏది కాదో ఇదిగో రాసుకుంటున్నాను" అని నోటుపుస్తకం చూపించండి. ప్రసంగాల్లో అబ్రాహాము మోరీయా కొండ ఎక్కుతూ ఏమనుకున్నాడో, ఇంటి దగ్గర శారా ఎంత ఏడ్చిందో మనం ఎన్నిసార్లు వినలేదు? ఆ ఏడుపు ఆదికాండము 22లో లేదు. అది విన్నందుకు మన విశ్వాసం చెడలేదు.

స్త్రీల సమాజంలో నలుగురైదుగురు కలిసి చదివితే ఇంకా బాగుంటుంది. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎవరు ఏ వివరం చెప్పినా "వచనంలో" అనో "నవలలో" అనో ముందు చెప్పి తర్వాత మాట్లాడాలి. ఒకరు బైబిల్ తెరిచి ఉంచుతారు. గంటలో ఒక అధ్యాయం కంటే ఎక్కువ వెళ్లం. ఈ నవలలో శృంగారం ఉంది, కాన్పు చావులు ఉన్నాయి, కాబట్టి టీనేజీ పిల్లల చేతికి ఇచ్చే ముందు మీరు పూర్తిగా చదవండి. బలవంతం సంగతి మాట్లాడేటప్పుడు గుంపులో ఎవరైనా మౌనంగా అయిపోతే అక్కడితో ఆపి టీ పెట్టండి. వాళ్లకు చెప్పాలనిపిస్తే తర్వాత ఒంటరిగా చెబుతారు.

మళ్లీ అధ్యాయానికి రండి

నవల అయిపోయిన వారం లోపు 34వ అధ్యాయాన్ని మళ్లీ పైకి చదవండి. పెన్సిల్ చేతిలో ఉంచుకోండి. నవల మీకు ఏమిచ్చిందో ఇక్కడే తెలుస్తుంది.

నాకు 26వ వచనం దగ్గర చేయి ఆగిపోయింది. అన్నలు హమోరును, షెకెమును చంపి, షెకెము ఇంట్లోంచి దీనాను తీసుకుని వెళ్లిపోయారని ఉంది అక్కడ. ఎన్నేళ్లుగానో చదివిన అధ్యాయం. అంటే ఓలి మాట్లాడుకున్నంతసేపూ, సున్నతి గురించి గవిని దగ్గర చర్చ జరిగినంతసేపూ, ఆ మూడు రోజులూ ఆమె ఆ ఇంట్లోనే ఉంది. చివరిదాకా ఆ సంగతి వాక్యం చెప్పలేదు, నేను అడగలేదు. ఏ తలుపు వెనక ఉంది? ఎవరు అన్నం పెట్టారు? బయటి కేకలు ఆమెకు వినబడ్డాయా? పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టాను.

తర్వాతి ఆదివారం ఆ పెద్దావిడకు అదే పేజీ చూపించాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "ఇది వచనంలోనే ఉందమ్మా" అన్నారు. ఇప్పుడు మా గుంపులో ఆవిడే బైబిల్ తెరిచి పట్టుకుంటారు. తర్వాత హాగరు మీద నవల చదవాలనుకుంటున్నాం. దానికి ముందు ఆదికాండము 16, 21 అధ్యాయాలు చదివి, ఆమె మాటలు లెక్కపెట్టి రమ్మని అందరికీ చెప్పాం.